అవ్వ ఆమెన్ అన్న ఆదివారం

పోయిన నెలలో ఒక శనివారం బౌరంపేటలో మా చెల్లెలు శాంతి ఇంటికి వెళ్లాను. నేనుండేది యాప్రాల్‌లో. అక్కణ్నుంచి అంత దూరం వెళ్లడమంటే నా మట్టుకు ఊరు మారినట్టే, అందుకని వెళ్లినప్పుడల్లా ఒక రాత్రి ఉండి, దాని చేతి పప్పుచారు తిని గాని తిరిగి రాను. నేను వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, శాంతి కూతురు హాసిని పక్క కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని ఫోనులో ఏదో తెగ రాసుకుంటోంది. ఏమిటే అది అంటే, "బకెట్ లిస్ట్ పెద్దమ్మా. టెన్త్ అయిపోయేలోపు చేసేయాల్సినవన్నీ" అంది. చదవమన్నాను. జుట్టు చివర్లకు నీలం రంగు వేయించుకోవాలట. కళ్లల్లో నీళ్లు రాకుండా గిన్నెడు కొరియా నూడుల్స్ తినాలట. స్కూలు వార్షికోత్సవంలో మైకు ముందు నిలబడి ఒక్క జోకైనా చెప్పాలట. నేను నవ్వుతూ వింటున్నాను. చివరిది చదివేటప్పుడు మాత్రం దాని గొంతు తగ్గింది. "ఇంటర్‌కి హాస్టల్ వద్దు. ఇంట్లో ఉండి చదువుకోవాలి." పొయ్యి దగ్గరున్న శాంతి వెనక్కి తిరక్కుండానే, "అదొక్కటీ తీసెయ్. సీటు మాట్లాడేశాం" అంది. హాసిని ఫోను పట్టుకునే కూర్చుంది గాని, ఆ వరస తీసేయలేదు.

కాసేపటికి హాసినే అడిగింది, మీ చిన్నప్పుడు ఇలాంటి లిస్టులుండేవా పెద్దమ్మా అని. మా చిన్నప్పుడు బకెట్ అంటే మునిసిపల్ పంపు దగ్గర వరసలో పెట్టేదే. కానీ లిస్టు మాత్రం ఉండేది. ఉండడమేమిటి, నిండు చర్చిలో పాస్టరు గారు దాన్ని ఒక్కొక్కటిగా చదివి, ఊరి చేత ఆమెన్ అనిపించారు. అది చెప్పగానే హాసిని ఫోను బోర్లా పెట్టింది. శాంతి కూడా మంట తగ్గించి ఇటు తిరిగింది. దానికీ ఆ కథ సరిగా తెలియదు. అప్పటికది పలక మెడలో వేసుకుని తిరిగే పిల్ల.

మా నాన్నది బ్యాంకు ఉద్యోగం. తెనాలి వైపు నుంచి మేడ్చల్‌కు బదిలీ మీద వచ్చి, ఇవాళో రేపో వెళ్లిపోతామనుకుంటూ ఉండిపోయిన వాళ్లం. రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. పొద్దున్నే అమ్మ కాఫీగింజలు మరలో వేసి తిప్పుతుంటే ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. పాలల్లో నీళ్లు కలిపావని అమ్మ, కలపలేదని పాలాయన వాదించుకుంటే గాని మా ఇంట్లో తెల్లవారినట్టు కాదు. అమ్మకు మేడ్చల్ మాట ఎన్నేళ్లకూ పట్టుబడలేదు. నాకు పట్టుబడ్డ సంగతి ఆమెకు తెలియదు. ఇంట్లో "వెళ్లొస్తానమ్మా" అని గుమ్మం దాటేదాన్ని, వీధి మలుపు తిరిగేసరికి "ఏందే, ఇంకా రాలేవనుకున్న" అనే భాషలో పడిపోయేదాన్ని. ఆ మలుపులో నా కోసం నిలబడి ఉండేది సువార్త.

సువార్తది నా తరగతే. తల్లి చిన్నప్పుడే పోయింది. బాపు లారీ మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటికొచ్చేవాడు కాదు. దాన్ని పెంచింది బాపు తల్లి దేవమ్మ అవ్వ. అప్పట్లో మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటలే. రాతి కూసాలు, వాటి మీద తీగల పందిళ్లు, ఎండాకాలంలో కూడా కింద మసక చీకటి, చల్లదనం. ఆ తోటల్లో పనిచేసే ఆడవాళ్ల ముఠాకు అవ్వ మేస్త్రి. ఏ తోటలో ఎప్పుడు కోత, ఎవరు కత్తెర పట్టాలి, ఎవరు పెట్టెల్లో గుత్తులు సర్దాలి, అంతా ఆమె నోటి మీదే నడిచేది. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి చీర అంచు మైలుతుత్తం నీలంగా, వేళ్లు పండు జిగురుగా ఉండేవి. తీగలకు కొట్టే మందు ఘాటూ పండిన ద్రాక్ష తీపీ కలిసిన వాసన ఆమె కంటే ముందే ఇంట్లోకి వచ్చేది. ఇప్పటికీ ఏ బండి మీదైనా నల్లద్రాక్ష చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చీర అంచే.

అవ్వకు మనవరాలి మీద ఒకటే ఆశ. పదో తరగతి అయితే రాత, లెక్కలు వస్తాయి. ఆ తర్వాత ముఠాను దాని చేతిలో పెట్టి తను గట్టు మీద కూర్చోవాలి. "పది సాలు బిడ్డా. తోటోళ్లు మనల్ని ఆగం జెయ్యకుంట సూసుకునే సదువుంటే సాలు" అనేది. ఆమె కఠినురాలు కాదు. తనకు తెలిసిన లోకంలో అంతకంటే గౌరవమైన కొలువు ఇంకొకటి లేదు, ఆ కొలువునే మనవరాలికి ఇస్తానంటోంది. సువార్త ఎదురు చెప్పేది కాదు. "తోటల నీడ మంచిగుంటది తియ్" అని నవ్వేసేది. కానీ బడి నుంచి వచ్చేటప్పుడు జూనియర్ కాలేజీ గేటు ముందు దాని నడక నెమ్మదయ్యేది. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేది, వంగి ఆ గేటులోపలికి చూసేది. ఆ చెప్పుకు ఏమీ కాలేదని నాకు తెలుసు. నాకు సికింద్రాబాదు కాలేజీ ఖాయమైపోయింది, దానికి కాలేజీయే లేదు. ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ పైకి రాలేదు. వస్తే ఇద్దరం ఏడుస్తామని ఇద్దరికీ తెలుసు.

లిస్టు పుట్టింది స్టేషన్లో సిమెంటు బెంచీ మీద. బడి వదిలాక నిజామాబాదు పోయే బండి వచ్చేదాకా అక్కడ కూర్చుని, వెళ్లే వాళ్లకు చేతులూపి ఇళ్లకు పోవడం మా అలవాటు. ఒకరోజు సువార్త అంది, "పద్దూ, పది గాకముందు మనం జెయ్యాల్సినవి కొన్నున్నయ్. తర్వాత నువ్వెక్కడో, నేనెక్కడో." పొడుగు నోటుబుక్కులోంచి కాగితం చింపి పైన "పది గాకముందు" అని రాసింది. ఒకటి అది చెప్పాలి, ఒకటి నేను చెప్పాలి, రెండో వాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి. బస్టాండు ఎదుటి ఇరానీ హోటల్లో, మగవాళ్లలాగా లోపల కుర్చీ వేసుకుని కూర్చుని చాయ్ తాగాలని నేనన్నాను. ఆ హోటలు ముందు నుంచి రోజూ పోతూ ఆ చాయ్ వాసన పీల్చడమే గాని, ఆడపిల్లలు లోపలికి పోవడం ఎవరూ చూసింది లేదు. చేతులు వెనక్కి కట్టుకుని పందిరి కింద నిలబడి, గుత్తిలోంచి నోటితోనే ద్రాక్షపళ్లు కొరుక్కు తినాలని సువార్త అంది. తోటల్లో పుట్టి పెరిగిన పిల్ల, పండు కోసి పెట్టెలో పెట్టడమే తప్ప అలా తిన్నది లేదట. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయడం నేర్చుకోవాలి. రైలు చివర గార్డు డబ్బా ఎక్కి పచ్చజెండా ఊపాలి. షామీర్‌పేట చెరువు కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎవరు పిలిచినా ఆగకుండా నడవాలి. లెక్కల సారు నవ్వితే ఒక్కసారి చూడాలి. ఈ చివరిది ఎవరు చెప్పారో గుర్తులేదు గాని, దాని మీద మా ఇద్దరికీ ఒక్క క్షణం కూడా వాదన జరగలేదు.

బండి కూత వేసింది. నేను లేచి పుస్తకాలు సర్దుకుంటుంటే సువార్త కాగితం మోకాలి మీద పెట్టుకుని అడుగున ఇంకో వరస రాసింది. పైవన్నీ ఇద్దరివీ కాబట్టి పేర్లు లేవు, దీనికి మాత్రం తన పేరు పెట్టింది. "సువార్త ఇంటర్ చదవాలి." నేను చూస్తున్నానని గమనించి, "ఊకెనే రాసిన. గది కాదులే" అని కాగితం నాలుగు మడతలు పెట్టేసింది. నేను ఏమైనా అనాల్సింది. దాని జడ పట్టుకుని లాగాను. అది నా వీపు మీద ఒక్కటిచ్చింది. అలా నవ్వుకుంటూనే ఇంటికి వచ్చాం.

ఇప్పుడు వాళ్ల ఇంటి శనివారం సంగతి చెప్పాలి. శనివారం సాయంత్రం అవ్వ తలస్నానం చేసి, వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, కుడి మోకాలికి గోరువెచ్చని ఆముదం రాసి, మీద వావిలాకులు కాచి కట్టుకునేది. కట్టుకుంటూ ప్రార్థన విన్నపాలు చెప్పేది, సువార్త వరస నంబర్లు వేసి రాసేది. వాళ్ల చర్చిలో గుమ్మం పక్కన పైన సందు ఉన్న చెక్కపెట్టె ఒకటుండేది. ఎవరికే కష్టమున్నా చీటీ రాసి అందులో వేస్తే, ఆదివారం పాస్టరు గారు పైకి చదివేవారు, ఒక్కొక్కదానికీ సంఘమంతా ఆమెన్ అనేది. అవ్వ చీటీలో మొదటిది ఎప్పుడూ మోకాలే. తర్వాత కొడుకు లారీ క్షేమంగా తిరగాలని, కోతలప్పుడు వడగళ్లు పడొద్దని, ఎవరి బర్రెకో పాలు రావాలని. అవ్వకు చదువు రాదు గాని ఆమెన్ అనడంలో ఆ చర్చిలో ఆమెను మించిన వాళ్లు లేరు. పాస్టరు గారి మాట చివరికి రాకముందే ఆమె ఆమెన్ వచ్చిపడేది. మిగతావాళ్లు పాస్టరును కాక అవ్వను చూసి అందుకునేవాళ్లు. పందిళ్ల కింద ఈ చివర నుంచి ఆ చివరికి ముఠాను కేకేసి నడిపిన గొంతు కదా, ఆ పెంకుల కింద ఖంగుమనేది.

పరీక్షలకు ముందు వచ్చే ఆదివారం ఆ చర్చిలో పదో తరగతి పిల్లలందరికీ ప్రత్యేక ప్రార్థన జరిగేది. చర్చి పిల్లలే రావాలని లేదు. కోమట్ల పిల్లలూ, తురకల పిల్లలూ, అందరం రాసే పెన్నులు తీసుకుని పోయేవాళ్లం. వాటిని ముందు బల్ల మీద పరిస్తే పాస్టరు గారు వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవారు. మా అమ్మ నాకు తల దువ్వుతూ, "ఏ దేవుడైతే ఏంటే, లెక్కలు గట్టెక్కిస్తే చాలు. ఇంకుపెన్ను కూడా తీసుకెళ్లు" అని రెండూ ఇచ్చి పంపింది. ఆ రోజు చర్చి కిటకిటలాడింది. పిల్లల్ని చూసుకోవడానికని లెక్కల సారు కూడా వచ్చి, మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని, తరగతిలో కూర్చున్న మొహంతోనే కూర్చున్నారు.

జరిగిందేమిటంటే, సువార్త మా లిస్టును దాచడానికి అవ్వ బైబిలు అట్టలో పెట్టింది. ఆ ఇంట్లో తను తప్ప బైబిలు తెరిచే వాళ్లు లేరు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు దానికి కనిపించలేదు. శనివారం రాసిన విన్నపాల చీటీ కూడా ఎప్పట్లాగే అందులోనే పెట్టింది. రెండూ ఒకే నోటుబుక్కు కాగితాలు, రెండింటికీ నంబర్లు, రెండూ నాలుగు మడతలు. ఆదివారం పొద్దున అవ్వ చేతికి ముందు ఏది తగిలితే అది తీసి పెట్టెలో వేసింది. పాస్టరు గారు దాన్ని విప్పి, కళ్లద్దాలు సవరించుకుని, వారం వారం చూసే సువార్త చేతిరాత గుర్తుపట్టి, "దేవమ్మ గారి విన్నపాలు" అని మొదలుపెట్టి, "పది గాకముందు" అని చదవగానే, నా పక్కన కూర్చున్న సువార్త నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్లు దిగాయి.

"ఇరానీ హోటల్లో లోపల కూర్చుని చాయ్ తాగాలి" అని చదివి పాస్టరు గారు ఆగారు. కళ్లద్దాల మీదుగా ఆడవాళ్ల వైపు చూశారు. పెట్టెలో పడ్డది దేవుడికి ఇచ్చినట్టే, దాన్ని మధ్యలో ఆపే హక్కు తనకు లేదన్నది ఆయన నియమం. ఆయన ఆగినంతలోనే అవ్వ, అలవాటు కొద్దీ, "ఆమెన్!" అంది. సంఘం వెనకాలే అందుకుంది. అవ్వ మోకాలి కోసం ఎదురుచూస్తోంది. మొదటిది ఏదో తేడాగా వినబడింది, రెండోదైనా మోకాలు కాకపోతుందా అని. రెండోది నోటితో ద్రాక్షపళ్లు. ఆమెన్. మూడోది ఈల. ముఠా ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు, అయినా ఆమెన్ అన్నారు. గార్డు డబ్బా దగ్గరకొచ్చేసరికి పాస్టరు గారు, "మన సంఘంలో రైల్వే వారున్నారు కదా" అని తలెత్తి చూస్తే, స్టేషన్లో పనిచేసే ఒకాయన గభాలున చెయ్యి ఎత్తి, మళ్లీ ఎందుకెత్తానా అన్నట్టు దించుకున్నాడు. చెరువు కట్ట కూడా అయింది. "లెక్కల సారు నవ్వితే ఒక్కసారి చూడాలి" అని చదివినప్పుడు చర్చి మొత్తం ఒక్కసారి గోడ వైపు తిరిగింది. సారు కాసేపు ఓర్చుకున్నారు. మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆఖరికి ఆ మహానుభావుడు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆమెన్ అనడం కూడా మర్చిపోయి పిల్లలందరం లేచి నిలబడి చూశాం.

ఆ నవ్వుల్లోనే పాస్టరు గారు చివరిది చదివారు. "సువార్త ఇంటర్ చదవాలి." ఆయన మాట పూర్తి కాకముందే అవ్వ ఆమెన్ వచ్చేసింది. అంతకు ముందు వాటికంటే గట్టిగా, ఇదైనా మోకాలే అయ్యుంటుందన్న ఆశతో. వెనకాలే సంఘం ఆమెన్. ఈసారి ఎవరూ నవ్వలేదు. తను దేనికి ఆమెన్ అన్నదో అవ్వకు అప్పుడు తెలిసింది. మెల్లగా మెడ తిప్పి మనవరాలి వైపు చూసింది. సువార్త తల దించుకుని ఉంది. దాని కన్నీళ్లు నా చేతి మీద పడుతున్నాయి, అది మాత్రం నా చెయ్యి వదల్లేదు. నా జీవితంలో నేను మనస్ఫూర్తిగా అన్న మొదటి ఆమెన్ అప్పుడు అన్నాను, అందరూ అనడం అయిపోయాక, ఒక్కదాన్నే.

ఆరాధన అయ్యాక జనం వెళ్లేదాకా ఆగి, అవ్వ పాస్టరు గారి దగ్గరకు పోయింది. మేం గోడ చాటున నిలబడి విన్నాం.

"అయ్యా, గవిట్ల ఒక్క ఆమెన్ వాపస్ దీసుకోవచ్చునా?"

"ఏది దేవమ్మా?"

"ఆఖరుది. నాకు ఎర్కలేక అన్న."

పాస్టరు గారు కళ్లద్దాలు తీశారు. "నీదొక్కటైతే తీసుకోవచ్చునేమో. కానీ నువ్వన్నాకే సంఘమంతా అన్నది. లెక్కల సారు కూడా అన్నాడు, నేను విన్నాను. వాళ్లందరివీ ఎట్లా వాపస్ తెస్తావు?"

అవ్వ బైబిలు చంకలో పెట్టుకుని కుంటుతూ మెట్లు దిగింది. దిగుతూ, "నా మోకాలు సంగతి ఒక్కలన్న జెప్పకపోతిరి" అని గొణిగింది.

ఆ వారమంతా ఆమె ఇంట్లో ఇంటర్ మాట ఎత్తనివ్వలేదు. తోటలో మాత్రం ఆ మాట మరిచే అవకాశం లేకుండా చేసింది ముఠా. "మేస్త్రమ్మా, ఇంటర్ పిల్లకు సైకిల్ గొంటున్నవా?" అని ఒకరు, "మేమంత ఆమెన్ అన్నం, మల్ల మా మాట దీసేత్తవా?" అని ఇంకొకరు. శుక్రవారం సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. అదే మొదటిసారి రావడం. అమ్మ కంగారుపడి కుర్చీ వేసింది, ఆమె గడప మీదే కూర్చుంది. అమ్మ కాఫీ ఇచ్చింది. ఒక గుక్క తాగి, ఇంత చేదెట్ల తాగుతరన్నట్టు అమ్మ మొహం చూసి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అమ్మా, ఇంటర్ అంటె ఎన్నేండ్లు?"

"రెండేళ్లేనండీ పిన్నిగారూ."

"రెండేండ్లు." అవ్వ వేళ్ల వైపు చూసుకుంది, మైలుతుత్తం గోళ్ల సందుల్లో ఇంకా నీలంగా ఉంది. "అంటె రెండు కోతలు. రెండు కోతలు ఈ మోకాలు గుంజుకొస్తదా అమ్మా?"

మా అమ్మకు కోతల లెక్క తెలియదు. కానీ ఎదుటి మనిషి ఏమడుగుతోందో తెలిసింది. ఆమె పక్కనే నేల మీద కూర్చుని, "వస్తుందండీ. రాకపోతే మా పద్మ కూడా వచ్చి పెట్టెలు సర్దుతుంది" అంది. నన్ను అడక్కుండానే నన్ను తోటకు రాసిచ్చేసింది. ఆ రెండేళ్లూ కోతల సెలవుల్లో నేను సర్దాను కూడా. ఎండుగడ్డి పరిచి, దాని మీద కాగితం వేసి, గుత్తి తొడిమ పైకి వచ్చేలా ఎలా పెట్టాలో నాకు అవ్వే నేర్పింది, చేతి మీద కొట్టి మరీ.

అవ్వ ఒకసారి ఒప్పుకుందంటే సగం పని చేసే మనిషి కాదు. ఆఖరుది నెరవేరాలంటే ముందువన్నీ వరసగా నెరవేరాల్సిందేనని ఆమె లెక్క. ఫలితాలొచ్చేదాకా పది అయినట్టు కాదంటూ, పరీక్షలయిన మర్నాడే ఇరానీ హోటలుకు బయల్దేరదీసింది. తనొక్కతే రాలేదు. "ఆమెన్ అన్నోళ్లంత రాండ్రి" అని ముఠాను మొత్తం తెచ్చింది. చీరల అంచులకు నీలం మరకలతో అంతమంది ఆడవాళ్లు ఒక్కసారి లోపలికి వచ్చేసరికి, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. కుర్చీలు చాలక మగవాళ్లు లేచి చోటిచ్చారు. అవ్వ చాయ్ సాసర్లో పోసుకుని జుర్రుమని తాగి, "గీ చాయ్ మస్తుందే. మీ అమ్మకు గిది నేర్పుమను" అంది నాతో. చెరువు కట్ట మీద ఎవరు పిలిచినా ఆగొద్దన్నాం కదా, వెనక నుంచి మమ్మల్ని పిలిచిందల్లా అవ్వే, మోకాలితో మా వెంట రాలేక. మేం ఆగలేదు. కట్ట కొసన కూర్చుని ఆమె వచ్చేదాకా ఎదురుచూసి, వచ్చాక తిట్లు తిన్నాం. గార్డు డబ్బా ఎక్కనివ్వలేదు, రూల్సు ఒప్పుకోవన్నారు. ఆ రోజు చెయ్యెత్తిన ఆయన పాపం ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి జెండా మా చేతికిచ్చి ఊపనిచ్చాడు, బండి ఎలాగూ కదిలిపోయాక. ఈల మాకు ఎవరు నేర్పారో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. పాస్టరు గారి భార్య. తలుపులేసి నేర్పింది. ఆమెకు అంత బాగా ఎలా వచ్చిందో పాస్టరు గారికి కూడా తెలియదట.

ఇక ద్రాక్షలు. షామీర్‌పేట దారిలో ఒక తోటలో, కోత ఆఖరి రోజున, అవ్వ మా చేతులు తన కొంగుతోనే వెనక్కి కట్టి పందిరి కింద నిలబెట్టింది. తలెత్తితే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు, మొహానికి తగిలే చల్లని పండ్లు. గడ్డం మీదుగా, మెడ మీదుగా రసం కారిపోతోంది. సువార్త నవ్వలేక తినలేక దగ్గుతోంది. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఆమె మొహం అంత తేలిగ్గా ఉండగా నేను ముందెప్పుడూ చూడలేదు. చేతుల కట్లు విప్పుతూ సువార్తతో, "సదువుకో బిడ్డా. నా అంతల నేను సూసుకుంట" అంది. అంతే అంది.

సువార్త ఇంటర్ చదివింది, ఆ తర్వాత పనిచేసుకుంటూ డిగ్రీ కూడా చదివింది. ఇన్నేళ్లుగా పోస్టాఫీసులో ఉద్యోగం. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ కూర్చుని లేచేటప్పుడల్లా మోకాలి మీద చరుచుకుని, "మీ ఇంటరు మీద నా మోకాలు పాయె" అని దెప్పేది. కొత్తవాళ్లెవరైనా అర్థంకాక చూస్తే, మొదటి నుంచీ మొత్తం కథ చెప్పేది, సారు నవ్వు దగ్గర తనూ నవ్వేది. ఇప్పుడామె లేదు. తోటలూ లేవు. రాతి కూసాలున్న చోట విల్లాల గేట్లు, చెరువు కట్ట మీద ఆదివారాలు సెల్ఫీల రద్దీ, గాలి ఇటు మళ్లితే జవహర్‌నగర్ చెత్తగుట్టల వాసన. నేనేమీ దిగులుపడను. ఇరానీ హోటల్లో ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు తలుపు దగ్గర బల్లే కావాలని పోట్లాడి కూర్చుంటారు, అది చూస్తే నా కడుపు నిండుతుంది. ఒక్కటే నాకు కొరుకుడు పడనిది. ఆనాడు ఒక పిల్ల ఇంటర్ చదవనిస్తే చాలని కాగితం అడుగున చాటుగా రాసుకుంది. ఈనాడు ఇంకో పిల్ల ఆ ఇంటర్ కోసం ఇల్లు వదలొద్దని ఫోను అడుగున చాటుగా రాసుకుంటోంది. చదువు చుట్టూ ఇంత కట్టాం, కానీ పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆఖరి వరసలోనే అసలు మాట రాస్తున్నారు.

మర్నాడు ఆదివారం మేడ్చల్‌లో ఆ చర్చిలోనే పరీక్షల ప్రార్థన. హాసినిని తీసుకురమ్మని సువార్త ముందే ఫోను చేసి చెప్పింది, నేను బౌరంపేట వచ్చిందీ అందుకే. కారు శాంతి నడిపింది. చర్చి ఇప్పుడు పెద్దదైంది, పెంకులు పోయి స్లాబు వచ్చింది, పాస్టరు కుర్రాడు. చెక్కపెట్టె మాత్రం గుమ్మం పక్కనే ఉంది. సువార్త గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. పోస్టాఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని దాని కుడి మోకాలూ పట్టేసింది. హాసిని ఫోనులో లిస్టు చూపిస్తే మొత్తం చదివి, చివరిది రెండోసారి చదివి, నా వైపు చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చింది.

"ఫోన్ల ఉంటె లాభం లేదు బిడ్డా, దీని మీద రాయి. ముందుగాల మోకాలని రాయి. పోయినపాలి గది మర్చిపోయినం."

కుర్ర పాస్టరు చదివాడు. మొదటిది మోకాలు. సువార్తా నేనూ కలిసి ఆమెన్ అన్నాం, అవ్వది కూడా కలిపి, స్లాబు అదిరేలా. నీలం జుట్టుకు జనం నవ్వారు, నూడుల్స్‌కు నవ్వారు, జోకుకు నవ్వారు, అన్నింటికీ ఆమెన్ అన్నారు. "హాసిని ఇంటర్ ఇంట్లో ఉండి చదవాలి" అన్నప్పుడు సువార్త నా చెయ్యి నొక్కింది. దానికి ముందు అనాల్సింది మేం కాదని ఇద్దరం నోరు మూసుకున్నాం. మాకిటుపక్క కూర్చున్న శాంతి ఒళ్లో కారు తాళాలు తిప్పుతోంది. తిప్పడం ఆపింది. కూతురి వైపు చూడకుండా, ముందు బల్ల మీద పరిచి ఉన్న పెన్నుల వైపు చూస్తూ, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "ఆమెన్" అంది.

సువార్త నా మీదుగా వంగి దాని చెవిలో అంది. "ఇగ గది వాపస్ రాదు శాంతీ. మా అవ్వ అడిగి సూసింది."